వెనక బాక్సులు ఆలస్యంగా ఎందుకు మాట్లాడాలి?

విజయవాడలో కృష్ణ ఒడ్డున సభ అనుకోండి. వేదికకు అటూ ఇటూ పెద్ద బాక్సులు. జనం ఎక్కువైతే డెబ్బై మీటర్ల వెనక ఇంకో జత. మైక్‌సెట్ పనిలో చేరిన కొత్తలో, బాక్సు పెట్టి వైరు లాగితే సరిపోతుందనుకున్నాను. వెనక జత ఆన్ చేయగానే అక్కడి వాళ్లకి ప్రతి "నమస్కారం" రెండుసార్లు వినపడింది. గంటసేపు వైర్లు మార్చాను. చెమట తప్ప ఏమీ రాలేదు.

వైర్లలో లోపమేమీ లేదు. వైరులో సిగ్నల్ అంత దూరం ఎంత త్వరగా పోతుందంటే దాన్ని లెక్కలోకే తీసుకోం. గాలిలో శబ్దం మాత్రం 30 డిగ్రీల వేడిలో సెకనుకు సుమారు 349 మీటర్లే పోతుంది. అంటే ముందు బాక్సుల మాట వెనక వరుసకు చేరడానికి 0.2 సెకను. మనం ఆ కాస్త సేపట్లో ఇంచుమించు ఒక అక్షరం పలుకుతాం. పక్కనున్న బాక్సు "స్కా" అంటుంటే వేదిక నుంచి వచ్చిన "మ" దాని మీద పడుతుంది.

అందుకే మిక్సర్ (మైకుల సౌండును కలిపి బాక్సులకు పంపే పెట్టె) దగ్గర వెనక జతకు 200 మిల్లీసెకన్ల డిలే, అంటే ఆలస్యం, పెడతాం. ఇంకో 10, 15 కావాలనే కలుపుతాం. ఈ పనిలో నాకు బాగా నచ్చేది ఇదే. ఒకే మాట రెండు వైపుల నుంచి కొద్ది తేడాతో వస్తే, ముందు వచ్చిన వైపే మాట పుట్టిందని మన చెవి నమ్ముతుంది. తర్వాత వచ్చింది కాస్త గట్టిగా ఉన్నా సరే. హెల్మట్ హాస్ అనే జర్మన్ 1949లో దీన్ని కొలిచి చూపించాడు. అలా వెనక కూర్చున్నాయన పక్క బాక్సు వింటూనే, వేదిక మీది మనిషినే వింటున్నాననుకుంటాడు.

మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో చెక్ చేసిన డిలే రాత్రికి పనికొస్తుందా? వేడి తగ్గితే శబ్దం నెమ్మదిస్తుంది కానీ, 28 డిగ్రీలకు దిగినా ఈ దూరానికి తేడా 4 మిల్లీసెకన్లే. ఆ టెన్షన్ అక్కర్లేదు.

చీకటి పడ్డాక చూసుకోవాల్సింది వేరే ఉంది. పగలు నేల దగ్గరి వేడి గాలిలో శబ్దం పైకి వంగి పోతుంది. గాలి కదలని రాత్రి కింది పొర చల్లబడి, పైపొర వెచ్చగా ఉంటే అదే శబ్దం కిందికి వంగి, నీళ్ల మీదుగా చాలా దూరం వెళ్తుంది. తొమ్మిది దాటితే నేను వాల్యూమ్ కాస్త దించుతాను, అవతల సీతానగరంలో పడుకునేవాళ్లుంటారు కదా. సరిగ్గా అప్పుడే కమిటీ వాళ్లెవరో వచ్చి, "సౌండ్ పెంచు బాబూ" అంటారు.