మడత చాకు లాక్: అపోహలు - వాస్తవాలు

మడత చాకులు సానపట్టడం, విప్పి బాగుచేయడం నా పని. పదును పోయిందని వచ్చేవాళ్లతో మాట త్వరగానే తేలిపోతుంది. తెరిచిన బ్లేడ్ మూసుకోకుండా ఆపే లాక్ మీద అనుమానంతో వచ్చేవాళ్లతోనే ఎక్కువసేపు మాట్లాడాల్సి వస్తుంది. పదును పోతే పని ఆగుతుంది. లాక్ జారితే బ్లేడ్ నేరుగా వేళ్ల మీదికి మూసుకుంటుంది. అందుకే తరచూ వినే మాటల్లో నిజమెంతో రాస్తున్నాను.

అపోహ: లాక్ పడితే మడత చాకు మామూలు కత్తితో సమానం.

కాదు. మడత లేని కత్తిలో బ్లేడ్ ఉక్కే పిడి లోపలికి సాగి ఉంటుంది. మడత చాకులో అంచుకూ మీ వేళ్లకూ మధ్య అడ్డంగా ఉన్నది చిన్న లోహపు ముక్క ఒక్కటే. లైనర్ లాక్‌లో అయితే పిడి లోపలి పలుచటి రేకు పక్కకు వంగి వచ్చి బ్లేడ్ మొదలు వెనక నిలబడుతుంది. ఫ్రేమ్ లాక్‌లో రేకుకు బదులు పిడి పక్కభాగమే ఆ పని చేస్తుంది.

మామూలు కోతలో లాక్‌కు దాదాపు పనే ఉండదు. మీరు పదును వైపుకి ఒత్తుతుంటే ఆ బలం బ్లేడ్‌ను ఇంకా తెరుచుకునే దిక్కుకే నెడుతుంది. ఆ భారాన్ని స్టాప్ పిన్, అంటే బ్లేడ్ మరీ వెనక్కి తెరుచుకోకుండా ఆపే చిన్న కడ్డీ మోస్తుంది. లాక్ మీద భారం పడేది మొనతో గట్టిగా గుచ్చినప్పుడు, ఇరుక్కున్న బ్లేడ్‌ను అటూఇటూ ఊపుతూ పైకి లాగినప్పుడు, బ్లేడ్ వెన్ను (పదును లేని వైపు) మీద ఒత్తినప్పుడు. వేలు తెగిందని చెప్పేవాళ్లను ఆ క్షణంలో ఏం చేస్తున్నారని అడుగుతాను. జవాబు ఈ మూడింటిలో ఏదో ఒకటి అవుతుంది. మందపాటి ప్లాస్టిక్‌లోనో చెక్కలోనో బ్లేడ్ ఇరుక్కుంటే ఊపకండి. వచ్చిన దారినే నేరుగా వెనక్కి లాగండి.

అపోహ: వెన్నును బల్లకేసి కొట్టి చూస్తేనే లాక్ బలం తెలుస్తుంది.

దీన్ని నేను గట్టిగా వద్దంటాను. అలాంటి దెబ్బ రోజువారీ వాడకంలో ఎప్పుడూ తగలదు. పైగా బాగున్న లాక్ కూడా ఆ దెబ్బలకు పాడవుతుంది. ఫ్రేమ్ లాక్‌లకు తరచూ వాడే టైటానియం, ఉక్కు కన్నా మెత్తన. లాక్ కొన మీద సొట్ట పడితే అది కూర్చునే చోటు మారిపోతుంది.

నేను చేసేది ఇది. పదునుకు మందపాటి గుడ్డ చుడతాను. పిడిని పక్కల నుంచే పట్టుకుంటాను, బ్లేడ్ మూసుకునే దారిలో ఒక్క వేలు కూడా ఉండనివ్వను. తర్వాత వెన్నును చెక్క మీద ఆనించి మెల్లగా బలం పెంచుతాను. లాక్ రవ్వంత జరిగినా ఆ చాకును పక్కన పెట్టేస్తాను.

అపోహ: లాక్ రేకు ఎంత లోపలికి వస్తే అంత గట్టి.

లైనర్ లాక్, ఫ్రేమ్ లాక్ ఉన్నవాళ్లలో ఈ టెన్షన్ ఎక్కువ. కొత్త చాకులో రేకు బ్లేడ్ మొదలు వెడల్పులో మూడోవంతు దాకానే వచ్చిందని కంగారు పడతారు. నిజానికి అది మంచిదే. వాడేకొద్దీ రేకు, బ్లేడ్ మొదలు ఒకదానికొకటి ఆనే ముఖాలు రెండూ అరుగుతాయి, ఆ అరుగుదలను సర్దుకుంటూ రేకు కొంచెం కొంచెం అవతలికి జరుగుతుంది. ఆ జరగడానికి చోటు ఉండాలి. కంగారు పడాల్సింది రేకు పూర్తిగా అవతలి గోడకు తగిలినప్పుడే. ఇక సర్దుకునే చోటు లేదు కాబట్టి బ్లేడ్ పైకీ కిందికీ ఆడటం మొదలవుతుంది.

ఎంత లోపలికి వచ్చింది అనేదానికన్నా ఎక్కడ ఆనుతోంది అనేది ముఖ్యం. బ్లేడ్ మొదలు మీద మార్కర్ పెన్‌తో నల్లగా రంగేసి, ఆరనిచ్చి, పలుమార్లు తెరిచి మూయండి. రంగు చెరిగిన చోటే లాక్ ఆనే చోటు. పివట్‌కు (బ్లేడ్ తిరిగే ఇరుసుకు) దూరంగా, కింది వైపున చెరిగితే సంతోషం. పివట్ దగ్గర పైమూలలో చిన్న చుక్క మాత్రమే చెరిగిందంటే వెన్ను మీద బలం పడినప్పుడు అది జారే అవకాశం ఎక్కువ. దీన్ని ఇంట్లో ఆకురాయితో సరిచేయబోకండి. వెంట్రుకవాసి ఎక్కువ అరిగినా లాక్ పనికి రాదు.

అపోహ: లాక్ సరిగ్గా పడకపోతే నూనె వేస్తే చాలు.

నూనె వేయాల్సింది పివట్‌కు, అదీ ఒక్క చుక్క. లాక్ ముఖం మీద నూనె నిలిస్తే పట్టు తగ్గుతుంది, తుడిచి పొడిగా ఉంచాలి. ఫ్రేమ్ లాక్ అతుక్కుపోయి మూసేటప్పుడు బొటనవేలు నొప్పిపెడుతుంటే, టైటానియం ఉక్కును పట్టేస్తోందని అర్థం. మెత్తటి పెన్సిల్‌తో ఆ ముఖం మీద కాస్త గీస్తే గ్రాఫైట్ వల్ల తేలికవుతుంది. ఇలా పట్టేయకుండానే చాలా ఫ్రేమ్ లాక్‌లకు ఇప్పుడు కొనలో ఉక్కు ముక్క బిగిస్తున్నారు.

బ్యాక్ లాక్ సంగతి వేరు. 1964 నుంచి వస్తున్న బక్ కంపెనీ 110 మోడల్ చాకులో ఉన్నది ఇదే. పిడి వెనక పట్టీకి ఉన్న పంటి లాంటి కొన (పన్ను) బ్లేడ్ మొదలులోని గాడిలో పడుతుంది. జేబులోని నూలుపోగులు, దుమ్ము ఆ గాడిలో చేరి గట్టిపడితే పన్ను సగమే దిగుతుంది, ‘టక్’మన్న శబ్దం మాత్రం మామూలుగానే వస్తుంది. ఆ శబ్దాన్ని నమ్మకండి. వెనక పట్టీ పిడితో సమంగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. పుల్లతో గాడి శుభ్రం చేస్తే చాలాసార్లు ‘లాక్ పోయింది’ అన్న చాకు మళ్లీ బాగవుతుంది.

అపోహ: బ్లేడ్ ఆడుతోందంటే లాక్ పోయినట్టే.

ఎటు ఆడుతోందో చూడండి. పక్కకు ఆడితే పివట్ స్క్రూ వదులైంది, కొద్దిగా బిగిస్తే సరి. పైకీ కిందికీ ఆడితేనే లాక్ సంగతి చూడాలి. బ్యాక్ లాక్‌లో పిడి గట్టిగా పిండినప్పుడు కాస్త కదలిక సాధారణమే. స్క్రూ మరీ బిగించినా తిప్పలే. బ్లేడ్ బరువుగా తిరుగుతుంది, చివరిదాకా తెరవక ముందే చెయ్యి ఆగిపోతుంది, లాక్ అరకొరగా పడుతుంది. అలాగని ప్రతిసారీ విసురుగా తెరిచినా ఆ దెబ్బలకు స్టాప్ పిన్, లాక్ ముఖం త్వరగా అరుగుతాయి.

అపోహ: లాక్ లేని చాకు ప్రమాదం.

1897 నాటి స్విస్ ఆఫీసర్ చాకుకు లాక్ లేదు, స్ప్రింగ్ బలమే. దాని వారసులు ఈరోజుకీ అలాగే జేబుల్లో తిరుగుతున్నాయి. లాక్ లేదని తెలిసినవాళ్లు వెన్ను మీద ఒత్తరు. ఒపినెల్ చాకుకు 1955లో తిప్పే రింగు చేర్చారు. కానీ దాన్ని చేత్తో తిప్పాలి, మర్చిపోతే ఆ లాక్ లేనట్టే.

అపోహ: క్రాస్‌బార్ లాక్‌కు తిరుగులేదు.

బెంచ్‌మేడ్ కంపెనీ 1998లో యాక్సిస్ పేరుతో తెచ్చిన ఈ లాక్ నాకూ ఇష్టం. అడ్డ కడ్డీని రెండు సన్నటి స్ప్రింగులు ముందుకు నెడతాయి. ఒకటి విరిగినా రెండోది పని నడిపిస్తుంది, అందుకే చాలామంది గమనించరు. కడ్డీని రెండు వైపులా విడివిడిగా లాగి చూడండి. ఒకవైపు మెత్తగా అనిపిస్తే స్ప్రింగ్ పోయినట్టే. మార్చేటప్పుడు రెండూ కలిపి మార్చండి.

అపోహ: మూసేటప్పుడు భయం లేదు.

లైనర్ లాక్, ఫ్రేమ్ లాక్ మూయాలంటే బొటనవేలు బ్లేడ్ దారిలో పెట్టాల్సిందే. లాక్ నెట్టి, బ్లేడ్‌ను కొద్దిగా మడిచి, వేలు బయటికి తీసి, ఆ తర్వాతే రెండో చేత్తో మూయండి. ఎడమచేతి వాటం వాళ్లకు ఇది ఇంకా ఇబ్బంది, ఎందుకంటే ఈ రెండు రకాలూ ఎక్కువగా కుడిచేతికే చేస్తారు. వాళ్లకు నేను బ్యాక్ లాక్ గానీ క్రాస్‌బార్ లాక్ గానీ తీసుకోమంటాను, అవి ఏ చేతికైనా ఒకటే.