అమెరికా హోటలు బిల్లు, టిప్పు: అపోహలు - వాస్తవాలు

టెక్సస్ రాష్ట్రంలో, డాలస్ శివారులోని ఒక భారతీయ రెస్టారెంటులో మొదట సర్వరుగా, ఆ తరువాత ఫ్లోర్ మేనేజరుగా పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. పిల్లల దగ్గరికి వచ్చిన మన పెద్దవాళ్లు బిల్లు చూసి వారానికి ఒక్కసారైనా అడిగే ప్రశ్న: "తిన్నదానికి డబ్బు కట్టాక, పైన మళ్లీ ఈ టిప్పు ఎందుకివ్వాలి?"

అపోహ: జీతం యజమాని ఇస్తాడు, టిప్పు మన దయ.

వాస్తవం: టిప్పు ఇచ్చి తీరాలని ఏ చట్టమూ చెప్పదు. కానీ టెక్సస్‌లో టిప్పు వచ్చే ఉద్యోగికి యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలు; 1991 నుంచి ఫెడరల్ (దేశమంతటికీ వర్తించే) చట్టంలో ఆ అంకె కదలలేదు. టిప్పులతో కలిపినా కనీస వేతనమైన 7.25 డాలర్లకు చేరకపోతే లోటును యజమాని పూడ్చాలి. "పూడుస్తాడుగా!" అని వాదించేవారికి తెలియనిదేమిటంటే, ఆ లెక్క వారం మొత్తానికి చూస్తారే గాని బల్లబల్లకూ చూడరు. పైగా మా దగ్గర సర్వరు తన అమ్మకంలో మూడు శాతాన్ని ఎంగిలి పళ్లేలు తీసి బల్లలు తుడిచేవారికి పంచాలి. మీరు వంద డాలర్లకు భోంచేసి టిప్పు గడిలో సున్నా వేస్తే, మీకు వడ్డించిన పిల్ల మిగతా బల్లల మీద సంపాదించిన దానిలోంచి మూడు డాలర్లు వదులుకుంటుంది.

గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, అరవై డాలర్ల బిల్లుకు కొడుకు రాసిన పన్నెండు డాలర్లను రూపాయల్లోకి మార్చుకుని, "వెయ్యి రూపాయలా!" అని ఉలిక్కిపడి, కొడుకు ఫోను మాట్లాడడానికి బయటికి వెళ్లగానే ఆ అంకె కొట్టేశారు. లెక్క విడమరచి చెప్పాక, "ఆ అమ్మాయి చదువుకుంటోందా బాబూ?" అని మాత్రం అడిగారు. ఆయనది పిసినారితనం కాదు. డాలర్లను రూపాయల్లోకి గుణించుకునే అలవాటు మొదటి నెలలో ఎవరికీ పోదు.

కూర్చుని తిన్నప్పుడు పన్నుకు ముందున్న మొత్తం మీద పదిహేను నుంచి ఇరవై శాతం ఆనవాయితీ. పార్సిలు తీసుకునేటప్పుడు తెర మీద శాతాలు కనిపిస్తే కంగారు పడకుండా "నో టిప్" నొక్కవచ్చు. పెద్ద బృందంగా వెళ్తే బిల్లులో "గ్రాట్యుటీ" (టిప్పుకే మరో పేరు) పేరిట పద్దెనిమిది శాతమో ఇరవై శాతమో ముందే కలిపి ఉండవచ్చు. అది చూడకుండా కింద మళ్లీ టిప్పు రాసేవారు ఎందరో.

అపోహ: విదేశమంటే అంతటా టిప్పే.

వాస్తవం: జపాన్‌లో ఆ అలవాటు లేదు, బల్ల మీద వదిలేస్తే మరచిపోయారనుకుని వెనక పరుగెత్తుకొస్తారు. ఫ్రాన్స్‌లో సర్వీసు ధరలోనే కలిసి ఉంటుంది. లండన్‌లో తరచుగా కనిపించే పన్నెండున్నర శాతం సర్వీసు ఛార్జీ పక్కన "ఆప్షనల్" (మీ ఇష్టం) అని ఉంటే తీసేయమని అడగవచ్చు.

ఇక హైదరాబాదులో సర్వీసు ఛార్జీని జీఎస్టీలో భాగమనుకోవడం పొరపాటు. దాన్ని వద్దనే హక్కు వినియోగదారుకు ఉంది. బిల్లులో దానంతటదే కలపరాదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలను 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. తీసేయడానికి ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.