బెలూన్‌తో పట్టుకొచ్చిన గుమ్మటం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

కళ్లకు తెర తగిలించుకుని ఆడే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) ఆటలో వెనక అడుగుల చప్పుడైతే నిజంగానే తిరిగి చూశామని రాశారు. హెడ్‌ఫోన్లు చెవులకే అంటుకుని ఉన్నా శబ్దం వెనక నుంచి ఎలా వచ్చిందని మీ సందేహం.

కుడివైపు పుట్టిన శబ్దం తల చుట్టి ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా, కాస్త మెత్తబడి చేరుతుంది. ఆ తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, అయినా మెదడు పసిగడుతుంది. ముందా వెనకా అన్నది మాత్రం ఎక్కువగా చెవి డొప్ప మడతలే చెబుతాయి. వాటికి తగిలి శబ్దం తీరు మారుతుంది. కంప్యూటర్ ఈ మార్పులన్నీ లెక్కగట్టి రెండు చెవులకూ వేరువేరుగా వినిపిస్తుంది. అయితే ఒకరి చెవిలా ఇంకొకరిది ఉండదు. అందుకే సగటు చెవి కొలతలతో చేసిన శబ్దం కొందరికి ముందూ వెనకా తారుమారుగా వినబడుతుంది.

ఇదంతా దిక్కు సంగతి. నాకు అంతకన్నా ఇష్టమైనది చోటు సంగతి. కళ్లు మూసుకుని చప్పట్లు కొట్టినా స్నానాలగదో, ఆరుబయలో తెలిసిపోతుంది కదా? గోడల మీంచి తిరిగొచ్చే శబ్దమే అది చెబుతుంది.

ఇస్తాంబుల్‌లో హాగియా సోఫియా అని 537లో పూర్తయిన కట్టడం ఉంది. చలువరాతి గోడలు, నేల నుంచి 55 మీటర్ల ఎత్తున గుమ్మటం. అక్కడ శబ్దం అణగడానికి దాదాపు 11 సెకన్లు పడుతుంది. 2010లో అది మ్యూజియంగా ఉండేది, లోపల పాడనిచ్చేవారు కాదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు అక్కడ బెలూన్లు పగలగొట్టి, ఆ 'టప్' తర్వాత మోగినదంతా రికార్డు చేశారు. ఎంత తెలివైన పని! పాటలోని ప్రతి చిన్న తునకకూ ఆ మోతను జోడించి అన్నీ కలిపితే, ఎక్కడ పాడినా ఆ గుమ్మటం కింద పాడినట్టే ఉంటుంది. 2013లో కాలిఫోర్నియాలోని ఒక హాలులో కపెల్లా రొమానా అనే బృందం గాయకులు అలాగే పాడారు. అంతసేపు మోగే చోట గబగబా పాడితే స్వరాలు ఒకదానిమీద ఒకటి పడతాయి. ఆ మోతకు తగ్గట్టు వాళ్లు తమ పాట వేగాన్నీ మార్చుకున్నారు.

మీరు తయారుచేస్తున్న ఆటలోని గుహ నిజంగా ఎక్కడా లేదు కాబట్టి బెలూన్ కుదరదు, లెక్క వేయాల్సిందే. చోటు పెద్దదయ్యేకొద్దీ మోత సాగుతుంది, మెత్తటి వస్తువులు పెరిగేకొద్దీ తగ్గుతుంది. 1890ల్లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రవేత్త వాలెస్ సబీన్ కుర్చీల మెత్తలు మోసుకొచ్చి పరిచి, కొలిచి తేల్చిన సూత్రమిది.

గుహకు రంగులు వేసే ముందు అది రాయో మట్టో, ఎంత పెద్దదో తేల్చుకోండి. ద్వారం దాటగానే అడుగుల చప్పుడు మారాలి. అయ్యాక నాకు పంపండి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటాను.

మీ
తాతయ్య