రాత్రంతా ఆరని కుంపటి

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇక్కడ ఉష్ణోగ్రత మామూలుగా 15, 16 డిగ్రీలకు దిగుతుంది. 1884 జనవరిలో ఒకసారి 7.8 డిగ్రీలకు పడిపోయింది. గోడలున్న ఇంట్లో ఒక రగ్గుతో తీరిపోయే చలే ఇది. కానీ వైట్‌ఫీల్డులో, సర్జాపూర్ రోడ్డులో లేస్తున్న అపార్టుమెంట్ల పక్కన రేకుల షెడ్లలో పడుకునే మన కర్నూలు, అనంతపురం, పాలమూరు కూలీలకు అవే 15 డిగ్రీలు ఎముకలు కొరుకుతాయి. మబ్బులేని రాత్రి రేకు తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలికంటే కూడా చల్లబడుతుంది. తెల్లవారుజామున రేకు లోపలివైపు నీటిబొట్లు కట్టేది అందుకే. కింద చూస్తే సిమెంటు నేల. చంటిపిల్లలు కూడా అక్కడే పడుకోవాలి. మూలన కాసిన్ని నిప్పులు పెట్టుకుందామని ఎవరికైనా అనిపిస్తుంది.

పెట్టుకుంటారు కూడా. పాత పెయింటు డబ్బాలో బొగ్గులు రాజేసి, లోపలికి తెచ్చి తలుపు వేసుకుంటారు. “బొగ్గులకు పొగ యాడొస్తుందన్నా?” అని ఆ షెడ్ల దగ్గర విన్న మాటే నాచేత ఇది రాయిస్తోంది.

పొగ రాదన్నది నిజమే. ఎందుకు రాదో తెలిస్తే భయం ఎక్కడ పెట్టుకోవాలో తెలుస్తుంది. కట్టె మంటలో పడగానే ముందు అందులోని తేమ ఆవిరవుతుంది. కిలో నీటిని ఆవిరి చేయడానికే సుమారు 2,260 కిలోజౌళ్ల వేడి కావాలి కాబట్టి పచ్చికట్టె పొయ్యిని ఏడిపిస్తుంది. వేడి 200, 300 డిగ్రీలకు చేరాక కట్టె విచ్ఛిన్నమై వాయువులు వదులుతుంది. మనకు కనిపించే మంట చాలామటుకు ఆ వాయువులదే, కట్టెలోని శక్తిలో సగానికి పైగా వాటిలోనే ఉంటుంది. అవి సరిగా మండకుండా తప్పించుకుంటే కళ్లు మండించే పొగ అవుతుంది. అవన్నీ పోగా మిగిలిన కర్బనమే బొగ్గు. పొగనిచ్చే సరుకు ముందే వెళ్లిపోయింది కనుక అది నిశ్శబ్దంగా కాలుతుంది.

ఆ కర్బనానికి గాలి దండిగా తగిలితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. నిప్పుల కుప్ప లోపలి కథ వేరు. అడుగున పుట్టిన కార్బన్ డయాక్సైడ్ పైకి వస్తూ ఎర్రటి బొగ్గుల మధ్యగా దూరుతుంది, అక్కడ మరింత కర్బనంతో కలిసి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుగా మారుతుంది. కుంపటి మీద సన్నగా ఆడే నీలిమంట చూశారా? మండుతున్నది ఆ వాయువే. కాసేపటికి నిప్పులు చల్లబడి నీలిమంట మాయమవుతుంది. వాయువు మాత్రం ఆగదు, మండకుండా నేరుగా గదిలోకి వస్తుంది. బయట చలి కాచుకున్నాక, మంట తగ్గింది కదా ఇక భయం లేదని నిప్పులను లోపలికి తెస్తారే, సరిగ్గా అదే అన్నిటికన్నా చెడ్డ ఘడియ.

రాత్రంతా నిలవాలంటే నిప్పు నెమ్మదిగా తినాలి, అంటే దానికి గాలి తగ్గించాలి. మన ఇళ్లలో బూడిద కప్పి నిప్పును తెల్లారిదాకా కాపాడుకున్నది ఈ సూత్రంతోనే. కానీ గాలి తగ్గిన నిప్పు మోనాక్సైడ్‌ను ఎక్కువ వదులుతుంది. ఎక్కువసేపు నిలిచే గుణం, విషం చిమ్మే గుణం ఒకే కారణం నుంచి పుడుతున్నాయి. ఇది నేర్పుతో దాటగలిగే ఇబ్బంది కాదు.

ఒక లెక్క వేద్దాం. కిలో బొగ్గులోని కర్బనంలో పదోవంతే మోనాక్సైడ్‌గా మారిందనుకున్నా దాదాపు 160 లీటర్ల వాయువు. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలో గాలి సుమారు 28,000 లీటర్లు. గాలి ఆడకపోతే అది అర శాతం దాటుతుంది, నిమిషాల్లో మనిషిని పడగొట్టే మోతాదు. సందుల్లోంచి పోగా అందులో పదోవంతే మిగిలినా, రాత్రంతా పీల్చేవారి ప్రాణానికి ముప్పే. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్, ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. రంగు లేదు, వాసన లేదు, దగ్గు రాదు. నిద్రలో ఉన్నవారిని లేపే గుణం ఈ వాయువుకు ఒక్కటీ లేదు.

మరి గడ్డకట్టే చలిదేశాల్లో ఎలా బతుకుతున్నారు? అక్కడి ఇనుప పొయ్యికి పొగగొట్టం ఉంటుంది. అక్కడా రాత్రికి కట్టెలు నింపి గాలి మూసేసేవారున్నారు. అప్పుడు గొట్టంలో తారు పేరుకుంటుంది, ఒక్కోసారి అదే అంటుకుంటుంది. నిప్పు నీరసించే కొద్దీ గొట్టం చల్లబడి లాగే బలం తగ్గుతుంది, వాయువు ఇంట్లోకి తిరగబడవచ్చు. నాకు బాగా నచ్చింది రష్యా, ఫిన్లాండు ఇటుక పొయ్యిల పద్ధతి. ఎండు కట్టెలను ధారాళంగా గాలినిచ్చి గంటా రెండు గంటలు భగభగా మండిస్తారు. వేడి పొగ ఇటుక దారుల్లో తిరిగి బయటికి పోతుంది. టన్ను ఇటుక 50 డిగ్రీలు వేడెక్కితే అందులో నిలిచే వేడి దాదాపు 12 యూనిట్ల కరెంటుకు సమానం. నిప్పు పూర్తిగా ఆరాకే పడుకుంటారు, ఇటుకలు తెల్లవార్లూ వెచ్చదనాన్ని విడుస్తాయి. వాళ్లు దాచుకునేది వేడిని, నిప్పును కాదు.

బెంగళూరు షెడ్డుకు ఇటుక పొయ్యి అక్కర్లేదు, అదే ఉపాయం చిన్నగా చాలు. ఆరుబయట నీళ్లు కాచి, మూత గట్టిగా బిగిసే రబ్బరు సంచిలో పోసి, గుడ్డ చుట్టి దుప్పట్లో పెట్టుకోవచ్చు. రెండు లీటర్ల నీరు 60 డిగ్రీల నుంచి 35కు దిగేలోపు 210 కిలోజౌళ్లు ఇస్తుంది. నిద్రపోయే మనిషి ఒంటినుంచే 70, 80 వాట్ల వేడి వస్తుంది, దాన్ని పోనివ్వకపోవడమే అసలు పని. కింద మందపాటి అట్టలు పరవాలి. రేకుకు అడుగు దిగువన టార్పాలిన్ కట్టినా మధ్యలో నిలిచే గాలిపొర చలిని చాలా ఆపుతుంది. షెడ్లు వేయించే కాంట్రాక్టర్లు ఇది తమ బాధ్యతగా చేయాలి, వారికి అది పెద్ద ఖర్చు కాదు.

కుంపటి ఉన్న గదిలో తలనొప్పి, వికారం, తూలడం ఒకరికి మించి కనిపిస్తే అందరినీ వెంటనే బయటి గాలిలోకి తెచ్చి 108కు ఫోన్ చేయాలి. వేలికి తగిలించే ఆక్సీమీటర్‌ను నమ్మొద్దు. మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ ఉన్నదిగానే చూపించి 98 అంటుంది. మామూలు గాలిలో రక్తంలోని ఆ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో ఆక్సిజన్ పెడితే గంటా గంటన్నర. అందుకే ఆసుపత్రిలో మొదట చెప్పాల్సిన మాట, గదిలో బొగ్గులు పెట్టుకుని పడుకున్నామని.