డై అంటారు గానీ, రంగు లేదు

గుంటూరు కొత్తపేటలో ఎటు చూసినా ఆసుపత్రి బోర్డో స్కానింగ్ సెంటర్ బోర్డో కనిపిస్తుంది. నడుం పక్కన నొప్పి, మూత్రంలో రక్తం అంటూ బెంగపడ్డ మా పెదనాన్నను పొన్నూరు నుంచి అక్కడికే తీసుకొచ్చాం. డాక్టరు గారు చీటీ మీద ‘సీటీ, ప్లెయిన్ అండ్ కాంట్రాస్ట్’ అని రాశారు. కౌంటర్లో అమ్మాయి ‘డై ఎక్కించి తీసేది’ అంది. పెదనాన్న చెవిన పడింది అదొక్కటే.

“రంగు ఎక్కిస్తారంటరా? మళ్లీ పోద్దా అది?”

నిజానికి అందులో రంగు ఉండదు. సీసాలో చూస్తే నీళ్లలాగే ఉంటుంది, కాస్త చిక్కగా. దాని పని రంగు వేయడం కాదు, నీడ పడేలా చేయడం.

ఎక్స్‌రే అంటేనే నీడ, సీటీ స్కాన్ తీసేదీ ఆ కిరణాలతోనే. 1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జన్ ఈ కిరణాలను కనిపెట్టాడు. కొన్ని వారాలకే భార్య చేతిని తీస్తే ఎముకలూ వేలి ఉంగరమూ స్పష్టంగా పడ్డాయి. కిరణాలు దూసుకుపోయిన చోట ఫిల్మ్ నల్లబడుతుంది, ఆగిపోయిన చోట తెల్లగా మిగులుతుంది. అందుకే ఊపిరితిత్తుల్లో గాలి నలుపు, ఎముక తెలుపు. రిపోర్టులో ‘ఒపాసిటీ’ అనే మాట చూడగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్ మొదలవుతుంది. అక్కడ ఉండాల్సినదానికన్నా తెల్లగా ఉందనే దాని అర్థం. ఎందుకన్నది డాక్టరు తేల్చాలి.

చిక్కంతా పొట్టలోనే. పేగు, కిడ్నీ, రక్తనాళం, అందులో పారే రక్తం అన్నీ హైడ్రోజన్, కార్బన్, ఆక్సిజన్ లాంటి తేలికపాటి పరమాణువులతో నిండినవే. ఎక్స్‌రేలో అన్నీ ఒకే బూడిద రంగు. పరమాణు సంఖ్య రెట్టింపైతే కిరణాలను మింగేసే శక్తి రమారమి ఎనిమిది రెట్లవుతుంది. ఎముకలోని కాల్షియంది 20. అయోడిన్‌ది 53, బేరియంది 56. ఈ రెండింటిలో ఒకదాన్ని లోపలికి పంపితే, అది చేరిన చోటల్లా తెల్లగా కనిపిస్తుంది.

బేరియం తాగించేది. చిక్కటి సున్నం నీళ్లలా ఉంటుంది, గొంతు దిగనంటుంది. ఎండోస్కోపీ రాకముందు కడుపులో పుండు చూడాలంటే ఈ బేరియం మీలే దిక్కు. విచిత్రమేమిటంటే బేరియం కార్బొనేట్ ఎలుకల మందు, బేరియం సల్ఫేట్ రోగికిచ్చే మందు. సల్ఫేట్ నీళ్లలో కరగదు, కాబట్టి రక్తంలోకి ఇంకకుండా పేగుల వెంట వెళ్లిపోతుంది. పేగుకు చిల్లు పడిందన్న అనుమానం ఉంటే మాత్రం మామూలుగా ఇవ్వరు.

రక్తంలోకి ఎక్కించేది అయోడిన్ మందు. మిల్లీలీటరుకు 300 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండే రకం 100 మిల్లీలీటర్లు ఎక్కిస్తే మొత్తం 30 గ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 150 మైక్రోగ్రాములే. అంటే దాదాపు 550 ఏళ్లకు సరిపడా అయోడిన్ ఒక్క నిమిషంలో లోపలికి పోతుందన్నమాట! అది పెద్ద అణువులో గట్టిగా బిగించి ఉంటుంది కాబట్టి ఒంట్లో కలవకుండా, ఎక్కువ భాగం ఒక రోజులోపే మూత్రంలో పోతుంది. కిడ్నీలే బయటికి నెట్టాలి, అందుకే అవి ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ముందు.

“రొయ్యలు పడవా?” అని కూడా అడిగారు. ఈ ప్రశ్న ఇంకా ఎందుకు అడుగుతారో నాకు అర్థం కాదు. రొయ్యల అలర్జీ వాటిలోని ప్రోటీన్ వల్ల వచ్చేది, అయోడిన్ వల్ల కాదు. ఇదివరకు ఇదే మందు పడలేదా అన్నది అడగాల్సిన ప్రశ్న.

మందు ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడిగా ఉంటుందని టెక్నీషియన్ ముందే చెప్పాడు. అయినా పెదనాన్న బయటికొచ్చి నా చెవిలో, “గొంతు కాడ మొదలై కిందికి దిగిందిరా. లుంగీ తడిసిందేమోనని తడుముకున్నా” అన్నాడు. చాలామందికి అలాగే అనిపిస్తుంది.

ఆయన అసలు ఫిర్యాదు వేరు. “ఒక్క పొట్టకి రెండుసార్లు తీసి డబ్బులు లాగారు.” కిడ్నీలో రాయీ తెల్లగానే ఉంటుంది, మందూ తెల్లగానే ఉంటుంది. ముందే మందు ఎక్కించేస్తే సున్నం గోడ మీద సుద్దగీత వెతికినట్టే. అందుకే మొదట ప్లెయిన్, తర్వాత కాంట్రాస్ట్. రాయి ప్లెయిన్‌లోనే దొరికింది.

నీళ్లు బాగా తాగమన్నారని సాయంత్రం దాకా తాగుతూనే ఉన్నాడు. రెండోసారి బాత్రూం నుంచి వచ్చి, మోసపోయినవాడిలా చూశాడు.

“రంగేం రాలేదురా.”