ఏడు సెకన్ల చీటీ అందరికీ కనిపిస్తుందా?

ఓటింగ్ యంత్రం మీద మీట నొక్కగానే, ఓటును కాగితం మీద అచ్చు వేసి చూపే వీవీప్యాట్ అద్దం వెనక ఒక చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది. అభ్యర్థి వరుస సంఖ్య, పేరు, గుర్తు దాని మీద ఉంటాయి. ఆపైన తెగి కింది పెట్టెలో పడుతుంది. పోలింగ్ అధికారి దగ్గరుండే కంట్రోల్ యూనిట్ బీప్ మంటుంది. చూపు లేని ఓటరుకు దక్కేది ఆ బీప్ ఒక్కటే. ఓటు పడిందని తెలుస్తుంది, ఎవరికి పడిందో తెలియదు. ఇదేమీ యంత్రాలతో పుట్టిన చిక్కు కాదు. ఓటుకు కాపలా పెంచినప్పుడల్లా ఎవరో ఒకరు గడప బయట మిగిలిపోవడం మొదటి నుంచీ ఉన్నదే.

1951-52 తొలి సార్వత్రిక ఎన్నికల పద్ధతిని చదువురాని ఓటరును దృష్టిలో పెట్టుకునే అల్లారు. అభ్యర్థికో పెట్టె, పెట్టె మీద గుర్తు. కాగితం మీద ఏమీ రాయనక్కర్లేదు, నచ్చిన పెట్టెలో వేస్తే చాలు. ఇంతకంటే సులువైన పద్ధతి మళ్లీ రాలేదు. లోపం కూడా ఆ సులువులోనే ఉంది. ఏ ముద్రా లేని కాగితం ఎవరి ఓటో చెప్పదు. ఒక పెట్టెలోంచి తీసి ఇంకో పెట్టెలో వేస్తే కనిపెట్టే దారి లేదు. వేయకుండా జేబులో పెట్టుకొచ్చి బయట అమ్ముకోవడానికీ వీలుండేది.

1960ల తొలి ఏళ్లకల్లా అందరి గుర్తులూ ఒకే కాగితం మీదికి వచ్చాయి. ముద్ర వేసి, మడిచి, ఒకే పెట్టెలో వేయాలి. పెట్టెలు మార్చే మోసం పోయింది, చెల్లని ఓట్లు వచ్చాయి. రెండు గడుల మధ్య గీత మీద పడిన ముద్రలు, తడి ఆరకముందే మడిస్తే అవతలి గడికి అంటుకున్న సిరా, లెక్కింపు బల్ల దగ్గర గొడవలన్నీ వీటి మీదే. అంధులకైతే తోడు తప్పనిసరి అయింది. ఇప్పటి ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 49ఎన్ నిబంధన ప్రకారం ఆ తోడుకు 18 ఏళ్లు నిండాలి, ఓటు గుట్టు బయటపెట్టనని రాసివ్వాలి, ఆ రోజు ఒక్కరికే సాయపడాలి. ప్రిసైడింగ్ అధికారి ఆ వివరాలను ఫారం 14ఎలో నమోదు చేస్తారు. ఒకే మనిషి ‘సహాయం’ పేరుతో పదిమంది ఓట్లు నొక్కేయకుండా పెట్టిన షరతులివి.

యంత్రాన్ని మొదట 1982లో కేరళలోని పరవూరులో 50 పోలింగ్ కేంద్రాల్లో వాడారు. చట్టంలో యంత్రం మాటే లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ పోలింగును కొట్టేసింది. ప్రజాప్రాతినిధ్య చట్టంలో యంత్రాలకు వీలు కల్పించే 61ఎ సెక్షన్ 1989లో అమల్లోకి వచ్చింది. 2004 లోక్‌సభ ఎన్నికల నాటికి అన్ని నియోజకవర్గాలకూ యంత్రాలే.

బ్రెయిలీ అంకెలను ప్రయోగాత్మకంగా చూసింది మన హైదరాబాద్‌లోనే, 2004 ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికలో. పద్ధతి ఇదీ: ఓటరు ముందు బ్రెయిలీలో ఉన్న నమూనా బ్యాలెట్ పత్రాన్ని తడిమి తన అభ్యర్థి వరుస సంఖ్య తెలుసుకుంటారు, తర్వాత బ్యాలెట్ యూనిట్ మీద అదే అంకె ఉన్న మీట నొక్కుతారు. నమూనా పత్రం కేంద్రానికి చేరకపోతే అంకెలున్నా దండగే. బ్రెయిలీ రాని అంధులకు ఎలాగూ తోడే గతి.

పోలింగ్ కేంద్రాల్లో ర్యాంపుల కథ కూడా అదే ఏడాది సుప్రీంకోర్టు ఆదేశాలతో ఊపందుకుంది. వాలు 1:12 ఉండాలి. అంటే అరుగు రెండడుగుల ఎత్తుంటే ర్యాంపు 24 అడుగుల పొడవు సాగాలి. చోటు లేదని ఎనిమిదడుగుల చెక్క ఆనిస్తే చక్రాల కుర్చీ వెనక్కి జారుతుంది. అది ర్యాంపు లెక్కలోకి రాదు, కానీ నివేదికలో ‘ఉంది’ అనే గడిలో టిక్కు పడిపోతుంది.

యంత్రం మీద అనుమానాలు ముదిరాక మళ్లీ కాగితమే దిక్కయింది. 2013 సెప్టెంబరులో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో వీవీప్యాట్ తొలిసారి వాడారు. అక్టోబరు 8న సుప్రీంకోర్టు దాన్ని దశలవారీగా అన్నిచోట్లా పెట్టమంది. 2019 సార్వత్రిక ఎన్నికల్లో ప్రతి కేంద్రంలోనూ ఉంది. చంద్రబాబు నాయుడు సహా 21 పార్టీల నేతలు సగం చీటీలు లెక్కించాలని కోరితే, కోర్టు అసెంబ్లీ సెగ్మెంటుకు ఒక వీవీప్యాట్‌గా ఉన్న లెక్కను ఐదుకు పెంచింది.

కాగితంతో పాటు దాని తంటాలూ వచ్చాయి. 2018లో కైరానా ఉప ఎన్నికలో వీవీప్యాట్లు పెద్ద ఎత్తున మొరాయించి, 73 కేంద్రాల్లో రీపోలింగు జరిగింది. నేరుగా పడే ఎక్కువ వెలుతురు సెన్సర్‌ను తికమక పెట్టడం ఒక కారణం. అందుకే ఓటింగ్ కంపార్ట్‌మెంటును కిటికీ పక్కనో, లైటు కిందో పెట్టకూడదు. పోలింగుకు ముందు యంత్రాన్ని పరీక్షించే మాక్ పోల్ ఇంకో మలుపు. కనీసం 50 ఓట్లు వేసి చూశాక వాటిని చెరిపేసే ‘క్లియర్’ నొక్కాలి, చీటీలు తీసి ముద్ర వేసి నల్ల కవరులో సీలు చేయాలి. క్లియర్ మరిచిపోతే యంత్రం లెక్కకూ, పోలైన ఓట్లు రాసే ఫారం 17సి అంకెకూ పొంతన ఉండదు. ఎంతటి కుట్ర ఆరోపణకైనా ఈ మతిమరుపు చాలు.

ఈ రక్షణలన్నీ చూడగలిగేవారి కోసమే. చీటీ తప్పుగా వచ్చిందని ఫిర్యాదు చేసి, అందరి ముందు పరీక్ష ఓటు వేసే వీలు 49ఎంఎ నిబంధన ఇస్తుంది. చీటీ కనబడనివారు దేని మీద ఫిర్యాదు చేస్తారు? కనీసం 40 శాతం వైకల్యం ఉన్నవారు ఫారం 12డితో ఇంటి నుంచే ఓటు వేయొచ్చు. కానీ అది కాగితపు బ్యాలెట్. అంధులకు అక్కడా తోడు కావాలి.

యంత్రం పేరు చదివి వినిపిస్తే సరిపోదా అంటారు. అమెరికా 2002 నాటి చట్టంతో, ప్రతి పోలింగ్ కేంద్రంలో అంధులు గుట్టుగా ఓటు వేయగల యంత్రం ఒకటైనా ఉండాలని నియమం పెట్టింది. అక్కడ హెడ్‌ఫోన్‌లో విని ఓటేస్తారు. అయితే యంత్రం తన జ్ఞాపకంలో ఉన్నదే చదివి వినిపిస్తే అది తనకు తానే సాక్ష్యం చెప్పుకున్నట్టు. వీవీప్యాట్ పెట్టిన ఉద్దేశమే పోతుంది. అచ్చయిన చీటీని విడిగా చదివే పరికరం ఉండాలి. పైగా పేర్లు నియోజకవర్గానికో తీరు కనుక, ఆ ధ్వనిని ఎన్నికకు ముందు ఎక్కించాల్సి వస్తే మరో వివాదం రేగుతుంది. వీవీప్యాట్‌లోకి అభ్యర్థుల గుర్తులు ఎక్కించే యూనిట్లనే 45 రోజులు సీలు చేసి దాచమని 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.