రమ్మీ తీర్పులో అందరూ దాటేసిన వాక్యం

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు నిషేధించింది. ఆ చట్టం చెల్లుతుందా లేదా అన్న వాదన మళ్లీ రాజుకుంది. జూదం మీద 1867లో వచ్చిన బ్రిటిష్ చట్టం కథ చాలాసార్లు చెప్పుకున్నదే. అసలు ముడి పడింది సికింద్రాబాద్‌లో.

1963లో అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి, పందెం కట్టి రమ్మీ ఆడుతున్నవాళ్లను పట్టుకున్నారు. హైకోర్టులో కేసు వీగిపోయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లి అక్కడా ఓడింది. రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదు, పడిన ముక్కలు గుర్తుండాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి ఇందులో ప్రధానం నైపుణ్యమేనంది కోర్టు. 1968 తీర్పుగా పేరుపడ్డ ఈ మాటే తర్వాత రమ్మీ యాప్ కంపెనీలకు పెట్టుబడి అయింది.

అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. ఆట మీద క్లబ్బు యజమాని లాభం చేసుకుంటున్నట్టు సాక్ష్యం ఉంటే నేరం రుజువు కావచ్చు. ఆ క్లబ్బు వసూలు చేసింది మితిమీరిన రుసుము కాదని కోర్టు అనుకోబట్టి సరిపోయింది. మరి యాప్‌లో? నిషేధానికి ముందు ఇద్దరు చెరో వంద పెట్టి కూర్చుంటే గెలిచినవాడి ఖాతాలో రెండు వందలు పడేవి కావు. కంపెనీ కమిషన్ పోగా మిగిలిందే పడేది. షో చెప్పి ఎవరు గెలిచినా కంపెనీ వాటా కంపెనీకి ఖాయంగా ఉండేది. ఇన్నేళ్లలో ఈ వాక్యం మీద జరగాల్సినంత చర్చ జరగలేదు.

2017లో తెలంగాణ ఆర్డినెన్స్ తెచ్చి జూద చట్టంలో నైపుణ్యం ఆటలకు ఉన్న మినహాయింపునే ఎత్తేసింది. 2020లో ఆంధ్రప్రదేశ్ అదే దారి పట్టింది. యాప్‌లు లొకేషన్ చూసి ఆపేస్తే, ఆడేవాళ్లు దొంగ లొకేషన్ పెట్టుకుని ఆడారు. తమిళనాడు, కర్ణాటక చట్టాలను 2021, 2022లలో అక్కడి హైకోర్టులు కొట్టేశాయి. కారణం మళ్లీ నైపుణ్యమే.

పన్ను దగ్గర కేంద్రమూ తక్కువ తినలేదు. 2023 అక్టోబరు నుంచి ఆటగాడు వేసిన మొత్తం సొమ్ము మీద 28 శాతం జీఎస్టీ వసూలు చేసింది. రెండేళ్లు తిరక్కుండానే నిషేధించింది.

కొత్త చట్టం నైపుణ్యమా అదృష్టమా అని అడగదు. డబ్బు కట్టి డబ్బు ఆశించి ఆడితే చాలు. ఆడించినవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడినవాళ్లకు శిక్ష లేదు. అప్పులపాలైన కుటుంబాలను చూసినవాళ్లకు ఈ తేడా ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

నైపుణ్యంతో నడిచే వ్యాపారం తమ హక్కని, నిషేధిస్తే జనం విదేశీ సైట్లకు పోతారని కంపెనీలు అంటున్నాయి. రాజ్యాంగం ప్రకారం జూదం రాష్ట్రాలు చట్టం చేసే అంశాల జాబితాలోది కదా, కేంద్రం ఎలా చట్టం చేస్తుందన్నది మరో అభ్యంతరం. కర్ణాటక, ఢిల్లీ, మధ్యప్రదేశ్ హైకోర్టుల్లో పడిన పిటిషన్లను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది. క్రెసెంట్ క్లబ్బు కేసు తేలింది కూడా అక్కడే.